కంటైనర్ శేషాల తొలగింపు – భాషా పరిశోధన దత్తాంశ భద్రత

వ్యాససంగ్రహం

పాత ముద్రణల అక్షరగుర్తింపు, ధ్వనిముద్రణల లేఖనం, పదకోశ నిర్మాణం వంటి పనులకు డాకర్ కంటైనర్లు తెలుగు పరిశోధకులకు ఎంతో ఉపయోగపడతాయి. పని ముగిసిన తర్వాత అవి యంత్రంలో మిగిల్చే శేషాలు మాత్రం డిస్కును నింపేస్తాయి. వాటిని తొలగించే ఆదేశాలు ‘ఇది ఇప్పుడు వాడుకలో ఉందా?’ అన్న ఒక్క ప్రశ్న మీదే పనిచేస్తాయి. పరిశోధకులు వేసుకోవలసిన ప్రశ్న వేరు: ‘ఇది పోతే మళ్లీ తయారుచేయగలమా?’ ఈ రెండు ప్రశ్నలకు ఎక్కడ ఒకే సమాధానం వస్తుందో, ఎక్కడ వేర్వేరు సమాధానాలు వస్తాయో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: డాకర్, కంటైనర్, ఇమేజ్, వాల్యూమ్, కమాండ్ లైన్, అక్షరగుర్తింపు, క్షేత్రసేకరణ, దత్తాంశ భద్రత.

1. ఉపోద్ఘాతం

మదనపల్లె టమాటా మార్కెట్టులో వేలం, తూకం, కాయల ఏరివేత చుట్టూ ఒక పదజాలం అల్లుకుని ఉంది. పుంగనూరు ప్రాంతానికి పేరు తెచ్చిన పొట్టిజాతి ఆవుల పెంపకం చుట్టూ మరొకటి ఉంది. మూడు రాష్ట్రాల కూడలిలో ఉన్న కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం ఒకే సంభాషణలో కలగలిసి వినిపిస్తాయి. ఈ మూడు చోట్లా వృత్తిపదాలు సేకరించే ఒక పరిశోధకురాలిని ఊహించుకుందాం. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన ‘మాండలిక వృత్తిపదకోశం’ తొలి సంపుటం వ్యవసాయ పదాలకు చెందినది. ఆ ఒరవడిలోనే ఆమె పనీ సాగుతుంది. పనిముట్లు మాత్రం మారాయి. వక్తల మాటలను ఫోనులో రికార్డు చేస్తుంది, వాటిని విస్పర్ అనే వాక్‌గుర్తింపు సాఫ్ట్‌వేర్‌తో తొలి లేఖనం చేయిస్తుంది, పాత ముద్రిత పుస్తకాల పుటలను టెసరాక్ట్‌తో చదివిస్తుంది, తేలిన పదాలను పోస్ట్‌గ్రెస్ దత్తాంశనిధిలో చేరుస్తుంది. ఈ మూడు సాఫ్ట్‌వేర్లూ ఒకదానితో ఒకటి గొడవపడకుండా ఒకే యంత్రంలో ఉండాలంటే కంటైనర్లే సుళువైన మార్గం.

టెసరాక్ట్ ప్రస్తావన వచ్చింది కనుక ఒక చిన్న ముచ్చట. ఆ సాఫ్ట్‌వేర్‌ను 1980ల మధ్యనుంచి సుమారు పదేళ్లపాటు తయారుచేసినది హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ. 2005లో దాని మూలసంకేతాన్ని అందరికీ తెరిచింది. అదే సంస్థ 2002లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ‘ఐ-కమ్యూనిటీ’ అనే మూడేళ్ల ప్రయోగాన్ని ప్రారంభించింది. పల్లెల్లో సమాచార కేంద్రాలు పెట్టడం, సౌరశక్తితో నడిచే కెమెరా, ప్రింటర్ సామగ్రిని స్వయం సహాయక సంఘాల మహిళలకు ఇచ్చి ఫొటోలు తీయించడం అందులో భాగాలు. ఈ రెండింటికీ నేరుగా సంబంధం లేదు. అయినా కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయంలో కూర్చుని టెసరాక్ట్ వాడే విద్యార్థికి ఈ సంగతి తెలిసి ఉండడం బాగుంటుందని నా ఉద్దేశం.

ఒక సూచన. ఈ వ్యాసంలో ఆదేశాలను ఉచ్చారణను బట్టి తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. యంత్రంలో వాటిని రోమన్ చిన్నక్షరాలలో టైపు చేయాలి.

2. కంటైనర్ స్వరూపం

డాకర్‌ను 2013 మార్చిలో అమెరికాలో జరిగిన పైకాన్ సదస్సులో సాలమన్ హైక్స్ తొలిసారి ప్రదర్శించారు. దానికి ఆధారమైన లినక్స్ సదుపాయాలు అంతకు ముందే ఉన్నాయి. ఒక ప్రక్రియకు తనదైన ఫైళ్లు, తనదైన నెట్‌వర్కు మాత్రమే కనిపించేలా చేయడం, అది వాడే స్మృతికి, గణనశక్తికి హద్దు పెట్టడం అనే రెండు పనులను కలిపి, మామూలు వాడుకరి చేతికి అందేలా చేయడమే డాకర్ సాధించిన విషయం.

మన రంగంలోని పోలికతో చెప్పాలంటే, ఇమేజ్ అన్నది ముద్రణాలయంలో బిగించి ఉంచిన అచ్చు వంటిది. కంటైనర్ ఆ అచ్చునుంచి తీసిన ఒక ప్రతి. ఒకే అచ్చునుంచి ఎన్ని ప్రతులైనా తీయవచ్చు. ప్రతి మీద మనం ఏమి రాసినా అచ్చు మారదు. సాంకేతికంగానూ ఇంతే. ఇమేజ్‌లోని పొరలన్నీ చదవడానికి మాత్రమే వీలైనవి. కంటైనర్ ప్రారంభమైనప్పుడు వాటిమీద రాయడానికి వీలైన ఒక పలుచని పొర చేరుతుంది. కంటైనర్‌లో మనం సృష్టించిన ఫైలు, దిద్దిన అక్షరం అన్నీ ఆ పొరలోకే పోతాయి. అంటే అవి ఆ ఒక్క ప్రతి అంచులో రాసుకున్న వ్యాఖ్యలు. ప్రతిని పారేస్తే అచ్చు మిగులుతుంది గాని అంచులోని వ్యాఖ్య మిగలదు.

ఇక వాల్యూమ్ అంటే ప్రతి పక్కన పెట్టుకున్న విడి నోటుపుస్తకం. కంటైనర్ పోయినా అది ఉంటుంది. దాన్ని డాకర్ తన అధీనంలో, లినక్స్‌లోనైతే సాధారణంగా వార్, లిబ్, డాకర్ అనే ఫోల్డర్ల వరుసలో దాచుకుంటుంది. వీటికి భిన్నంగా, మన సొంత ఫోల్డరునే కంటైనర్‌కు కనిపించేలా కలపవచ్చు. దాన్ని బైండ్ మౌంట్ అంటారు. అది మన ఇంటి బీరువా. శేషాలను తొలగించే ఆదేశాలేవీ దాని జోలికి పోవు.

3. శేషాలు ఎలా పోగవుతాయి?

మన పరిశోధకురాలు విస్పర్‌ను పది రికార్డుల మీద నడిపిందనుకుందాం. ప్రతిసారీ ఒక కొత్త కంటైనర్ పుడుతుంది, పని ముగియగానే ఆగిపోతుంది. ఆగిందే తప్ప పోలేదు. దాని రాతపొర డిస్కుమీదనే ఉంటుంది. నడిపే ఆదేశంలోనే ‘--ఆర్ఎం’ అన్న సూచన చేర్చి ఉంటే పని ముగియగానే అదే తొలగిపోయేది. రెండోది ఇమేజ్‌ల సంగతి. నిర్మాణసూచికలో ఒక పంక్తి మార్చి అదే పేరుతో మళ్లీ నిర్మిస్తే, ఆ పేరు కొత్త ఇమేజ్‌కు పోతుంది. పాతది పేరు ఊడిపోయి ‘నన్’ అన్న గుర్తుతో మిగులుతుంది. దీన్నే డాంగ్లింగ్ ఇమేజ్ అంటున్నారు. యంత్రాభ్యసన గ్రంథాలయాలు చేరిన ఇమేజ్ ఒక్కటే కొన్ని గిగాబైట్లు ఉండడం మామూలు. నాలుగైదు సార్లు అలా నిర్మించేసరికి మన కళాశాలల ప్రయోగశాలల్లోని డిస్కులు నిండిపోవడంలో ఆశ్చర్యం లేదు. వీటికి తోడు నిర్మాణ సమయంలో దాచుకున్న మధ్యంతర ఫలితాలు, ఎవరికీ చెందక మిగిలిన వాల్యూములు, ఖాళీ నెట్‌వర్కులు ఉంటాయి. నెట్‌వర్కులు స్థలం తినవు కనుక వాటిని పట్టించుకోనక్కరలేదు.

ఏది ఎంత స్థలం తీసుకుందో ‘డాకర్ సిస్టమ్ డీఎఫ్’ చూపుతుంది. ఇమేజ్‌లు, కంటైనర్లు, స్థానిక వాల్యూములు, నిర్మాణ నిల్వ అని నాలుగు వరుసలు వస్తాయి. ప్రతి వరుస చివర ‘తిరిగి పొందదగినది’ అన్న అర్థంలో ఒక అంకె ఉంటుంది. నా దృష్టిలో ఈ పట్టికలో అత్యంత తప్పుదారి పట్టించేది ఆ అంకెయే. వాల్యూముల వరుసలో తిరిగి పొందదగినది ఇన్ని గిగాబైట్లు అని ఉంటే, ఆ స్థలం వృథాగా పడి ఉందని అర్థం కాదు. ప్రస్తుతం ఏ కంటైనరూ వాటిని పట్టుకుని లేదని మాత్రమే అర్థం.

4. వాడుకలో లేకపోవడం, అక్కర లేకపోవడం

తొలగించే ఆదేశాలన్నిటికీ ‘ప్రూన్’ అన్న పేరు పెట్టారు. చిత్తూరు ప్రాంతంలో మామిడి కోత ముగిశాక ఎండుకొమ్మలు, అడ్డుకొమ్మలు కత్తిరించే పనిని తోటల్లో ‘ప్రూనింగ్’ అనే అంటున్నారు. తోటలో ఆ పని చేసేవాడు కొమ్మను చూసి నిర్ణయిస్తాడు. డాకర్ అలా చూడదు. కొమ్మకు ప్రస్తుతం కాయ ఉందా, లేదా అని మాత్రమే చూస్తుంది.

ఈ తేడా భాషా పరిశోధకులకు చప్పున అర్థం కావాలి. వాడుక తప్పిన పదమే మాండలిక సేకర్తకు విలువైన పదం. వాడుకలో లేదు కనుక అక్కర లేదని పదకోశకర్త ఎన్నడూ అనడు. డాకర్ అనేది సరిగ్గా అదే.

ఇమేజ్‌లు, నిర్మాణ నిల్వ విషయంలో ఈ తర్కం చాలావరకు చెల్లుతుంది. అచ్చును మళ్లీ బిగించుకోవచ్చు. అందువల్ల ‘డాకర్ బిల్డర్ ప్రూన్’, ‘డాకర్ ఇమేజ్ ప్రూన్’ అనే రెండు ఆదేశాలనూ నిర్భయంగా వాడవచ్చు. రెండోది పేరు ఊడిన ఇమేజ్‌లనే తీసివేస్తుంది. దానికి ‘-ఏ’ చేరిస్తే ఏ కంటైనరూ ఆధారపడని ఇమేజ్‌లన్నీ పోతాయి. అవి మళ్లీ కావాలంటే గంటలకొద్దీ దింపుకోవలసి వస్తుంది. నష్టం కాలానిదే గాని పాఠానిది కాదు. దీనికొక మినహాయింపు ఉంది. దాన్ని ఆరో విభాగంలో చూద్దాం.

ఆగిన కంటైనర్ల దగ్గర లెక్క తప్పుతుంది. పరిశోధకురాలు ఒక కంటైనర్ లోపలికి ప్రవేశించి, టెసరాక్ట్ చదివిన పుటలలో అరసున్నలు, శకటరేఫలు, వలపలగిలకలు అక్కడే చేత్తో సరిదిద్దిందనుకుందాం. పాత ముద్రణల విషయంలో ఈ సవరణ తప్పనిసరి. ఆ శ్రమంతా కంటైనర్ రాతపొరలో ఉంది. సాయంత్రం ఆమె యంత్రం ఆపింది, కంటైనర్ ఆగింది. మరునాడు డిస్కు నిండిందని ఎవరో ‘డాకర్ సిస్టమ్ ప్రూన్’ అని కొట్టారు. ఆగిన కంటైనర్లన్నీ పోయాయి. ఆ ఆదేశం ఏయే వర్గాలను తొలగించబోతుందో చెప్పి అవునా కాదా అని అడుగుతుంది. ఆ వర్గంలో ఉన్న కంటైనర్ల పేర్లు చెప్పదు. తొలగించినవి చెత్తబుట్టలోకి పోవు. ‘-ఎఫ్’ చేరిస్తే ఆ ఒక్క ప్రశ్న కూడా అడగదు.

కాలాన్ని బట్టి వడకట్టే సదుపాయం ఉంది కదా అనవచ్చు. ‘అంటిల్’ అన్న వడపోతకు 168 గంటలు అని ఇస్తే, వారంకన్నా పాతవి మాత్రమే పోతాయని చాలామంది భావిస్తారు. అది చూసేది కంటైనర్ పుట్టిన సమయాన్ని, చివరిగా వాడిన సమయాన్ని కాదు. మూడు వారాల క్రితం సృష్టించి నిన్నటిదాకా అందులోనే దిద్దుతూ వచ్చిన కంటైనర్ ఈ వడపోతకు పాతదే. కాలం కన్నా లేబుల్ మేలు. కంటైనర్‌ను సృష్టించేటప్పుడే ‘ఉంచు’ అన్న అర్థంలో ఒక లేబుల్ తగిలించి, ఆ లేబుల్ లేనివాటినే తొలగించమని ఆదేశించవచ్చు.

5. వాల్యూముల విషయం

ఈ భాగం కొంచెం ఓపికగా చదవవలసినది. ఇక్కడ ఆదేశాల ప్రవర్తన కాలక్రమంలో మారింది. పాత పుస్తకాలు, పాత పాఠ్యాంశాలు చూసి నేర్చుకున్నవారు పొరబడే అవకాశం ఎక్కువ.

ప్రూన్ ఆదేశాలు 2017 జనవరిలో వచ్చిన 1.13 వెర్షన్‌తో ప్రవేశించాయి. మొదట్లో ‘సిస్టమ్ ప్రూన్’ వాల్యూములను కూడా తుడిచేసేది. 17.06.1 వెర్షన్‌నుంచి ‘--వాల్యూమ్స్’ అని ప్రత్యేకంగా చెబితేనే వాటిని ముట్టుకుంటుంది. ‘వాల్యూమ్ ప్రూన్’ మాత్రం ఏ కంటైనర్‌కూ తగిలించి లేని వాల్యూములన్నిటినీ, పేరున్నవాటితో సహా, తొలగిస్తూనే వచ్చింది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 23.0 వెర్షన్‌నుంచి అది పేరు లేనివాటికే పరిమితమైంది. పేరున్నవి కూడా పోవాలంటే ‘-ఏ’ చేర్చాలి. కాబట్టి ఒకే ఆదేశం ఒక ప్రయోగశాలలోని పాత యంత్రంలో పదకోశాన్ని తుడిచేయవచ్చు, పక్కనున్న కొత్త యంత్రంలో దాన్ని వదిలేయవచ్చు. యంత్రంలో ఏ వెర్షన్ ఉందో ముందు చూసుకోవాలని చెప్పడం చాదస్తం కాదు.

ఇప్పుడు కొత్త వెర్షన్లే కదా, పేరు లేనివే పోతాయి కదా అని నిశ్చింతగా ఉండడానికీ వీలు లేదు. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ వంటి దత్తాంశనిధుల అధికారిక ఇమేజ్‌లలోనే దత్తాంశం వాల్యూములో ఉండాలని రాసి ఉంటుంది. మనం వాల్యూముకు పేరు పెట్టకుండా ఆ కంటైనర్‌ను నడిపితే, డాకర్ తానే ఒక వాల్యూమును సృష్టించి దానికి 64 అక్షరాంకెల పొడవైన గుర్తు ఇస్తుంది. చూడడానికి అది పచ్చి చెత్తలా ఉంటుంది. లోపల మాత్రం మదనపల్లె, పుంగనూరు, కుప్పం పదాలన్నీ ఉండవచ్చు. అది ఆగిన కంటైనర్‌కు తగిలి ఉన్నంతసేపు ‘వాల్యూమ్ ప్రూన్’ దాన్ని వదిలేస్తుంది. ‘--వాల్యూమ్స్’ చేర్చిన ‘సిస్టమ్ ప్రూన్’ అయితే ముందు ఆగిన కంటైనర్‌ను తీసేస్తుంది. దానితో వాల్యూము అనాథ అవుతుంది. అదే విడతలో అదీ పోతుంది.

కంపోజ్ వాడేవారికి మరో హెచ్చరిక. ‘డాకర్ కంపోజ్ డౌన్’ అంటే కంటైనర్లు, నెట్‌వర్కులే పోతాయి. దానికి ‘-వి’ చేరిస్తే ఆ కంపోజ్ ఫైలులో ప్రకటించిన పేరున్న వాల్యూములు కూడా పోతాయి. అంతా శుభ్రంగా మళ్లీ మొదలుపెడదామని అలవాటుగా కొట్టే ఆదేశం ఇది.

2024 జూలైలో మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో అగ్నిప్రమాదం జరిగి దస్త్రాలు కాలిపోయాయి. కాగితానికైనా వాల్యూముకైనా అలాంటప్పుడు తలెత్తే తొలి ప్రశ్న ఒక్కటే: నకలు ఇంకెక్కడైనా ఉందా? తొలగింపుకు ముందే ఆ ప్రశ్న వేసుకుంటే చేయవలసిన పనులు వాటంతట అవే తెలుస్తాయి. ‘డాకర్ పీఎస్ -ఏ -ఎస్’ అని కొడితే ఆగిన కంటైనర్లతో సహా అన్నిటి జాబితా, వాటి రాతపొరల పరిమాణంతో వస్తుంది. పరిమాణం పెద్దగా ఉన్నదాని మీద ‘డాకర్ డిఫ్’ ప్రయోగిస్తే అందులో చేరిన, మారిన, తొలగిన ఫైళ్లు వరుసగా ఏ, సీ, డీ అక్షరాలతో కనిపిస్తాయి. కావలసిన ఫైలును ‘డాకర్ సీపీ’తో బయటికి తెచ్చుకోవచ్చు. కంటైనర్ ఆగి ఉన్నా ఈ ఆదేశం పనిచేస్తుంది. ఈ సంగతి తెలియక దాన్ని మళ్లీ నడిపించడానికి తంటాలు పడేవారు ఉన్నారు.

వాల్యూముల జాబితా ‘డాకర్ వాల్యూమ్ ఎల్ఎస్’తో వస్తుంది. అనుమానమున్న ప్రతి వాల్యూమునూ ఒక తాత్కాలిక కంటైనర్‌కు తగిలించి, పక్కనే మన ఫోల్డరును కూడా కలిపి, టార్ కట్టగా బయటికి తీసుకోవాలి. దత్తాంశనిధి అయితే ఫైళ్లు నకలు చేయడం కన్నా ఆ సాఫ్ట్‌వేర్ సొంత డంప్ సదుపాయం వాడడం మేలు. ‘డాకర్ ఎక్స్‌పోర్ట్’తో కంటైనర్‌ను మొత్తంగా బయటికి తీస్తే వాల్యూములు కూడా వస్తాయనుకోవడం పొరపాటు. అవి రావు. బయటికి తీసిన కట్టను విప్పి, ఒక పదం వెదికి చూశాకే అసలును తొలగించాలి.

అసలు ఇంతదాకా రాకుండా చూసుకోవచ్చు. దిద్దిన పాఠాలు, రికార్డులు, పదపట్టికలు మొదటినుంచీ బైండ్ మౌంట్ ద్వారా మన ఫోల్డరులోనే ఉండాలి. కంటైనర్‌లో సాఫ్ట్‌వేర్ మాత్రమే ఉండాలి. ఇలా చేసినవారు ‘సిస్టమ్ ప్రూన్’ను వారానికోసారి కొట్టినా ఒక్క అక్షరం పోదు. పరిశోధన విధానశాస్త్రం బోధించే తరగతుల్లో ఈ ఒక్క అలవాటు నేర్పినా చాలునని నా అభిప్రాయం. ప్రూన్ ఆదేశాలన్నీ కంఠస్థం చేయించనక్కరలేదు.

6. ఉంచవలసిన ఇమేజ్

అచ్చును మళ్లీ బిగించుకోవచ్చని పైన అన్నాం. అది ఎల్లప్పుడూ నిజం కాదు. ‘లేటెస్ట్’ అన్న పేరుతో నేడు దింపుకున్న ఇమేజ్, రెండేళ్ల తర్వాత అదే పేరుతో దింపుకున్న ఇమేజ్ ఒకటి కావు. టెసరాక్ట్ 2018లో వచ్చిన నాలుగో వెర్షన్‌తో నాడీజాల పద్ధతికి మారింది. 2021లో ఐదో వెర్షన్ వచ్చింది. తెలుగుకు సంబంధించిన శిక్షణ ఫైళ్లలోనూ వేగం కోసం కుదించినవి, నాణ్యత కోసం ఉద్దేశించినవి వేర్వేరుగా ఉన్నాయి. ఒకే పుటను వీటితో చదివిస్తే ఒత్తుల దగ్గర పాఠం తేడాగా రావచ్చు. ఆధారప్రతి ఏదో చెప్పని పరిష్కరణను మనం అంగీకరించం. ఏ ఇమేజ్‌తో పాఠం వచ్చిందో చెప్పని సిద్ధాంతవ్యాసాన్నీ అంగీకరించకూడదు.

కనుక సిద్ధాంతవ్యాసంలోని ఫలితాలకు ఆధారమైన ఇమేజ్‌ను ‘డాకర్ సేవ్’ ద్వారా ఒకే ఫైలుగా తీసి, బయటి డిస్కులో దాచాలి. దాని షా-256 గుర్తును, టెసరాక్ట్ వెర్షన్‌ను, ఏ శిక్షణ ఫైలు వాడారో పరిశోధన విధానం అధ్యాయంలో నమోదు చేయాలి. నిర్మాణసూచికను అనుబంధంగా చేర్చాలి. ఆ తర్వాత యంత్రంలోని ఇమేజ్‌ను తొలగించినా ఫరవాలేదు. పర్యవేక్షకులు ఈ మూడు వివరాలూ అడగడం అలవాటు చేసుకోవాలి. పరీక్షకులు అడిగే రోజు ఎలాగూ వస్తుంది.

7. తొలగించినా స్థలం రాకపోతే

అన్నీ తొలగించాక కూడా డిస్కు నిండే ఉందన్న ఫిర్యాదు తరచుగా వినిపిస్తుంది. దీనికి రెండు కారణాలుంటాయి. మొదటిది లాగ్ ఫైళ్లు. నడుస్తున్న కంటైనర్ వెలువరించే సందేశాలన్నీ డాకర్ ఒక ఫైలులో చేరుస్తూ పోతుంది. సాధారణ అమరికలో ఆ ఫైలుకు పరిమితి లేదు. ప్రూన్ నడుస్తున్న కంటైనర్‌ను ముట్టుకోదు కనుక దాని లాగ్‌నూ ముట్టుకోదు. డాకర్ అమరికల ఫైలులో గరిష్ఠ పరిమాణం, గరిష్ఠ ఫైళ్ల సంఖ్య నిర్ణయించాలి. అది కొత్తగా సృష్టించే కంటైనర్లకే వర్తిస్తుంది. పాతవాటిని మళ్లీ సృష్టించుకోవాలి.

రెండోది విండోస్‌కు సంబంధించినది. మన అధ్యాపకులలో ఎక్కువమంది వాడేది అదే. అక్కడ డాకర్ డెస్క్‌టాప్ సాధారణంగా డబ్ల్యూఎస్ఎల్ అనే లినక్స్ ఉపవ్యవస్థలో నడుస్తుంది. దాని నిల్వ మొత్తం విండోస్ దృష్టిలో ఒకే ఒక పెద్ద వర్చువల్ డిస్కు ఫైలు. లోపల దత్తాంశం పెరిగినకొద్దీ ఆ ఫైలు పెరుగుతుంది. డాకర్ డెస్క్‌టాప్ పాత వెర్షన్లలో, లోపల తొలగించినంత మాత్రాన అది తనంతట తాను కుంచించుకుపోదు. ‘సిస్టమ్ డీఎఫ్’ స్థలం ఖాళీ అయిందని చెబుతుంది, విండోస్ కాలేదంటుంది. రెండూ నిజమే. ముందు డాకర్ డెస్క్‌టాప్‌ను పూర్తిగా మూసి, డబ్ల్యూఎస్ఎల్‌ను షట్‌డౌన్ చేసి, డిస్క్‌పార్ట్ అనే విండోస్ పనిముట్టులో ఆ వర్చువల్ డిస్కును ఎంచుకుని కాంపాక్ట్ చేయాలి. ఈ పని మొదలుపెట్టే ముందు వాల్యూముల టార్ కట్టలు వేరే డిస్కులో ఉన్నాయో లేదో మరోసారి చూసుకోవాలి. ఆ ఫైలు చెడితే డాకర్ దాచిన ఇమేజ్‌లు, కంటైనర్లు, వాల్యూములు అన్నీ ఒకేసారి పోతాయి. కాంపాక్ట్ ముగిసి డాకర్‌ను మళ్లీ తెరిచినప్పుడు పేరున్న వాల్యూములు ఎప్పటిలాగే ఉంటాయి, సి డ్రైవ్‌లో ఖాళీ కనిపిస్తుంది.